గుడ్ల వెచ్చదనం

"పెద్దాయనా, ఇటు రా! బతికే ఉన్నాయి!"

టెస్ మాడిపోయిన పొదల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం దాకా ఆ యార్క్‌షైర్ కొండంతా తగలబడింది. నేలలో తడి నిలవాలని ఏళ్ల తరబడి ఆమె నాటిన నాచు నారంతా బూడిదైపోయింది. కాలకుండా మిగిలిన చారెడు గడ్డిలో నేల మీదే గూడు కట్టే కర్లూ పిట్ట గుడ్లు మాత్రం కనిపించాయి.

ఆ కొండకి ఒకప్పటి కాపరి, ముసలి క్లెమ్, నీళ్ల సంచీ వీపున మోస్తూ రొప్పుతూ వచ్చాడు.

"అరవకు అమ్మాయ్. నావి నీలాంటి కుర్ర మోకాళ్లు కావు."

"ముట్టుకుని చూడు, వెచ్చగా ఉన్నాయి! తల్లి మనల్ని చూసి ఇప్పుడే లేచినట్టుంది."

పైన పిట్ట గోలపెడుతూ తిరుగుతోంది. క్లెమ్ నవ్వుతూ ఒక గుడ్డు తీసి చేతిలో తిప్పాడు. నవ్వు ఆగిపోయింది. గూటి పక్కన మట్టిలోకి వేళ్లు దించి, చటుక్కున లాక్కున్నాడు.

"ఇది తల్లి వెచ్చదనం కాదమ్మాయ్. అడుగున నేల కాలుతోంది."

"మంట ఆర్పేశాం కదా!"

"పైన ఆర్పాం."

టెస్ సంచీ లాక్కుని గూటి చుట్టూ నీళ్లన్నీ గుమ్మరించింది. నేల బుస్సుమని, సన్నగా పొగ వదిలింది.

"ఇంకో సంచీ తెస్తాను."

"ఎన్ని తెస్తావు? నాచు కుళ్లి నిలువెత్తు పేరుకున్న నేల ఇది. ఎండిందంటే బొగ్గే. వాన పడాలి."

"పోనీ, గుడ్లు పక్కకి మారిస్తే?"

"తల్లి రాదు."

గుడ్డు గూట్లో పెట్టేసి ఇద్దరూ వెనక్కి జరిగారు. పిట్ట వెంటనే దిగింది. తోలెయ్యడానికి ఎత్తిన టెస్ చెయ్యి అలాగే ఉండిపోయింది.

పిట్ట గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. ఆ వెచ్చదనం హాయిగా ఉందేమో, మెల్లగా కళ్లు మూసుకుంది.