సర్పంచ్ ఫోటో క్లియర్‌గొచ్చింది

అల్లుడు జీవన్‌కు,

నా రాత గలీజుగుంటది, తప్పులు గూడ ఉంటయి. ఏమనుకోకుండ సదువుకో.

మా సర్పంచ్ సైదులు కాల్వల పూడిక తీపిచ్చిన అంటుండె. కొసకున్న నా పొలానికైతే చుక్క నీళ్లు రాక వరి ఎండుతుండె. పని అయినట్టు ఫోటో కావాలె, తన ఫోన్ల మసకగ వస్తదని, నువ్విచ్చిన చిన్న కెమెర పట్టుకొని నన్ను రమ్మన్నడు.

"మామా, సూర్యాపేట ఆఫీసుకు పంపేది. మంచి క్లియర్‌గ రావాలె," అని పార వట్టుకొని గట్టు మీద నిలవడ్డడు.

నువ్వు చెప్పినట్టే చేసిన. అద్దం తుడిసిన. ఎండను వీపుకు పెట్టుకున్న. మోచేతులు డొక్కలకు ఆనిచ్చి, బటన్ సగం ఒత్తి ఆగి, అప్పుడు మొత్తం ఒత్తిన.

సైదులు మీసం బాగొచ్చింది. ఎనుక కాల్వ నిండ మనిషెత్తు తుంగ గూడ పోసకు పోస కనవడ్డది.

సైదులు తన మీసమే సూసుకొని పంపిండు. ఆఫీసోళ్లు అది సూసి వచ్చి, దగ్గరుండి పూడిక తీపిచ్చిన్రు. నా వరికి నీళ్లందినయి.

నిన్న సైదులు మళ్ల వచ్చిండు. "మామా, సోమవారం కొత్త మురికినీళ్ల మోరీ కాడ ఫోటో ఉన్నది. నా మొఖం క్లియర్‌గ రావాలె, మోరీ మాత్రం మసకగ రావాలె," అన్నడు.

ఆ కిటుకు నాకు తెల్వది. జల్ది జవాబు రాయి. సోమవారం దాక రాకుంటే నాకొచ్చినట్టే తీస్త.