పేరు రాయని థీసిస్

"పుస్తకాలు మూడు. కానీ మూడూ ఒక్కరి మాటే" అని కావ్య అనగానే సెమినార్ హాల్లో చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న వీరేశ్‌కు కడుపు రగిలిపోయింది.

రగలదా మరి! జహీరాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పేది వాళ్లిద్దరే. ఆయన పేరు ముందు డాక్టర్ అని ఉంది, నెత్తిన నెరిసిన జుట్టుంది. కావ్య నిన్నగాక మొన్న చేరింది, ఇంకా పీహెచ్‌డీ కూడా లేదు. అయినా శాఖకు హెడ్డు ఎవరో ఈ సెమినార్ అయ్యాకే చెబుతానంది ప్రిన్సిపాల్ సుమిత్ర. అంతకుముందు వీరేశ్ మాట్లాడినప్పుడు హాజరు వేయనని బెదిరిస్తే గానీ పిల్లలు కూర్చోలేదు. కావ్య మాట్లాడుతుంటే కిటికీల దగ్గర నిలబడి మరీ వింటున్నారు. ప్రిన్సిపాల్ కూడా చప్పట్లు కొడుతోంది, అదీ గట్టిగా!

కావ్య చెబుతున్నది న్యాల్‌కల్ దారిలోని ఒక పాత దిగుడుబావి గురించి. ఎవరో సేనాపతి దాన్ని రాత్రికి రాత్రే తవ్వించాడని మూడు పుస్తకాల్లో ఉంది. బావి మెట్లు తూర్పున ఉన్నాయని కూడా మూడింట్లోనూ ఉంది. కావ్య పోయి చూస్తే మెట్లు పడమర దిక్కున ఉన్నాయి.

"ముగ్గురు ఎవరికి వాళ్లు పోయి చూసి రాస్తే, ముగ్గురికి ఒకటే తప్పు ఎట్లొస్తది? ఒక పాత థీసిస్‌ల ఉన్నది ఉన్నట్టు దించుకున్నరు. అందుకే సేనాపతి కథను నేను నమ్మలే" అని ఆమె ముగించింది.

మళ్లీ చప్పట్లు. వీరేశ్ ఇక ఓర్చుకోలేక లేచి నిలబడ్డాడు.

"జర ఆగున్రి మేడమ్. మూడు పుస్తకాల పేర్లు చెప్పిన్రు, పేజీలతో సహా చెప్పిన్రు. మరి గా థీసిస్ ఎవరిదో ఎందుకు చెప్పలే?"

కావ్య తడబడింది. "అది... తర్వాత మాట్లాడుకుందాం సార్."

దొరికిపోయింది! వీరేశ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"తర్వాతేంది? గిప్పుడే చెప్పున్రి. అసలు చూసిన్రా, లేకుంటే కూసొని అల్లిన్రా?"

"యూనివర్సిటీకి పోయి చూసిన సార్. ఇదొక్కటి ఇడిచిపెట్టున్రి. దండం పెడ్త."

"విన్నరా మేడమ్!" వీరేశ్ ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "ఆధారమేదని అడుగుతే దండం పెడ్తనంటున్నది. గీమె హెడ్డయితే పిల్లలకు ఏం నేర్పుతది?"

సుమిత్ర ముఖం చిట్లించింది. "కావ్యా, ఆధారం దాచుడు పద్ధతి కాదు. ఉన్నదా, లేదా?"

"ఉన్నది మేడమ్. రాసినాయన ఇజ్జత్ పోతదని పేరు చెప్పలే."

"పోనీయున్రి!" వీరేశ్ బల్ల గుద్దాడు. "బావి మొకం చూడకుంట బావి మీద రాసినోనికి ఇజ్జతేంది? వాని పట్టా గుంజుకోవాలె! క్లాసుల అడుగు పెట్టనియ్యొద్దు! ఎవడు వాడు? పేరు చెప్పున్రి!"

పిల్లలంతా కావ్య వైపు చూశారు. ఆమె మైకు పక్కకు జరిపి మెల్లగా అంది.

"మీరే సార్."

డబ్బిచ్చి ఎవరితోనో రాయించుకున్న తన థీసిస్‌లో ఒక బావి కూడా ఉందని వీరేశ్‌కు తెలియడం అదే మొదటిసారి.