గాలి గీత

ఇంజను ఆగిన పడవతో పోలిరాజు సముద్రంలో కొట్టుకుపోతున్నాడని తెలియగానే, ఇంటరు చదివే కూతురు మహేశ్వరి ఇసుకలో రెండు గీతలు గీసింది.

“గాలి తూర్పుకి నాలుగు పాళ్లు తోస్తంది. నీరు ఉత్తరానికి మూడు పాళ్లు లాగతంది. రెండూ కలిస్తే ఐదు పాళ్ల బలం, ఇటేపు,” అంటూ మధ్యలో ఏటవాలుగా ఇంకో గీత లాగింది.

“తప్పయితే ఏటే?” అడిగింది తల్లి.

“తప్పవదమ్మా.”

వెతికే పడవలు ఆ దిక్కుకే వెళ్లాయి. సాయంత్రం వాటిలో ఒకదాంట్లో ఉన్న మేనమామ ఫోను చేశాడు.

“పడవ నువ్వు సెప్పిన కాడే ఉందే. మీ అయ్య లేడు. తేలే డబ్బా కూడా లేదు. అది పట్టుకుని ఈదుదామని దిగిపోనాడేమో!”

మహేశ్వరి ఏడుస్తూనే గాలి గీతని అరచేత్తో చెరిపేసింది.

“గాలి పడవనే తోస్తాది మామా, పీకల్దాకా నీళ్లలో ఉన్న మనిషిని కాదు. నీరు రెంటినీ ఒకేలా ఉత్తరానికి లాగతాది కాబట్టి, పడవకి పడమటేపు ఎతకండి!”