ఏటి నీళ్లపై పంది విచారణ

సింహరాజు కోట మురుగంతా ఏట్లో కలుస్తోంది. చేపలు చచ్చి తేలుతుంటే చూడలేక ముసలి తాబేలు ఈసురోమంటూ సభకు వెళ్లి మొరపెట్టుకుంది. రాజు విచారణకు పందిని పంపాడు.

పంది పొద్దంతా ఏట్లో పొర్లి వచ్చి, "నీళ్లు దివ్యంగా ఉన్నాయి ప్రభూ. ఇంకాస్త చిక్కబడితే మరీ మంచిది" అంది.

"విన్నావుగా తాబేలవ్వా, ఇంకేం కావాలి?" అన్నాడు రాజు.

"ఏమీ వద్దు మారాజా. సాక్ష్యానికని ఆ నీళ్లే దొప్పెడు తెచ్చాను. దివ్యంగా ఉన్నాయంటున్నారు గదా, తమరే ఒక గుక్క తాగండి" అని తాబేలు దొప్పను గద్దె ముందుంచింది.

ఆ వాసనకు రాజు మూతి తిప్పుకుని, "ఈ మర్యాద విచారణాధికారికే దక్కాలి" అంటూ దొప్పను పంది వైపు నెట్టాడు.

పంది వెనక్కి జరిగింది. "పొర్లడానికి దివ్యంగా ఉన్నాయన్నాను ప్రభూ. తాగడానికైతే నేనూ తమలాగే ఎగువ ఊటకే పోతాను."