జిల్లేడు పప్పు వంశం

"ఈ జ్వరానికి మాత్రలు వేయకపోతే పాప దక్కదు. వేస్తే పొట్టలోని సూక్ష్మజీవులు మిగలవు," అని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది.

మా అత్తగారు మంచానికి అడ్డంగా నిలబడింది. "మూడు తరాల పొట్టమ్మా అది! మా మావగారు జిల్లేడు విషాన్ని హరాయించుకున్న మనిషి."

హరాయించుకున్నది ఆయన కాదు. జిల్లేడు తినే గొంగళిపురుగు పేగుల్లోంచి తీసి ఆయనకి మింగించిన సూక్ష్మజీవులు. వరి పండని ఆ రోజుల్లో అవి అందరినీ బతికించాయి. ఇప్పుడు బియ్యం దొరుకుతోంది. అయినా మా ఇంట్లో జిల్లేడు పప్పే వండుతారు. అన్నప్రాసన నాడు నాయనమ్మ ముద్ద నమిలి బిడ్డ నోట్లో పెట్టి, దాన్ని వంశం అంటుంది. కాపురానికొచ్చిన నాడు నాకూ అలాగే పెట్టారు. తనలో ఏ గొప్పా కనబడని మనిషి పొట్టలోనైనా వెతుక్కుంటాడు కాబోలు.

"రేపట్నుంచి అది బియ్యం తింటే, ఎవరింటి పిల్లంటారే?" అంది అత్తగారు.

నా భర్త ముకుందం గోడకేసి చూస్తూ, "అమ్మ చెప్పేదీ కాస్త ఆలోచించు," అన్నాడు.

"ఆలోచించానండీ. గొంగళిపురుగు రెండు వారాలు ఆకు తిని సీతాకోకచిలుక అవుతుంది. మీరు మూడు తరాలుగా తింటూనే ఉన్నారు."

ఆవిణ్ణి పక్కకి జరిపి, మాత్ర నీళ్లలో కరిగించి పాపకి తాగించాను.

తెల్లారేసరికి జ్వరం దిగింది. అత్తగారు పాప కంచం తీసి, మా కంచాలకి దూరంగా కిటికీలో పెట్టింది.

నేను ఇంకో మాత్ర మింగి, నా కంచం దాని పక్కన పెట్టి, ఎసట్లో బియ్యం పోశాను.