చచ్చుచేతులు

“మళ్లీ నల్లబురదేనా, తల్లీ?” ఆమె ఫ్లాస్కులోకి తొంగిచూశాడు సీనియర్. “నీ చేతిలో పడితే నీళ్లు కూడా మరగవు!”

ల్యాబంతా పగలబడి నవ్వింది. ఆమె తల దించుకుంది.

రెండు అణువులను కలపాలంటే ఇన్నాళ్లూ పల్లాడియం లోహమే దిక్కు. అదో పెళ్లిళ్ల పేరయ్య. జంటను ముడేసి, తాను చెక్కుచెదరకుండా ఇంకో జంట దగ్గరికి పోతుంది. కానీ ఖరీదు మండిపోతుంది. ఆ పని పల్లాడియం లేకుండా చవక నికెల్ సమ్మేళనమే చేసేస్తుందని గైడు సార్ పేపరు రాసి లోకమంతా చాటారు. ల్యాబులో అందరి చేతిలోనూ అయింది, ఆమె చేతిలో తప్ప. నెలాఖరుకీ కాకపోతే పరిశోధన సీటు ఊడుతుంది.

నిన్న సార్ కూడా అందరి ముందే అనేశారు, “చచ్చుచేతులు!” అని. పొద్దున జడ వేసుకుంటుంటే తన వేళ్లంటే తనకే రోత పుట్టింది.

సాయంత్రం అందరూ వెళ్లాక సార్ వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. తలుపు దగ్గరగా వేశారు.

“అమ్మాయ్, ఫ్లాస్కులో తిరిగే అయస్కాంతం ముక్కను నువ్వెలా కడుగుతావు?”

ఇదీ తప్పేనా? “ఘాటు ఆమ్లంలో నానబెట్టి, సార్. మిగతావాళ్లు సబ్బునీళ్లతో సరిపెడతారు...”

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

“పాత ప్రయోగాల పల్లాడియం వాళ్ల ముక్కలకు అంటుకునే ఉందమ్మా, కంటికి ఆననంత. పనంతా దానిదే. నా నికెల్ది కాదు. ఇవాళే పరీక్ష చేయించాను. నీ చేతులు బంగారం. నేనే నోరు పారేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

అంత పెద్దమనిషి తన ముందు తల వంచుకుంటే ఆమె చూడలేకపోయింది. మనసులో ఈయన్ని ఎన్నెన్ని తిట్టుకుంది! ఇప్పుడు ఆ సిగ్గొకటి.

“ఊరుకోండి సార్. పొరపాటు ఎవరికి రాదు? ఉన్నమాట ఒప్పుకుంటే మీ మర్యాద పెరుగుతుందే గానీ తరగదు.”

“నీ సీటెక్కడికీ పోదు. ఆ పూచీ నాది.”

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. “నేనేం చేయాలో చెప్పండి సార్. ఏదైనా చేస్తాను.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించారు.

“రేపటినుంచి ఆమ్లంలో కడగకు.”