కడగని కుండ

పాసింజరు తెనాలి దాటుతూ ఒక్క కుదుపు కుదిపింది. మేధ ఒళ్లోని డబ్బా మూత ఊడి, పుల్లటి గంజి కాస్తా ఎదుటి పెద్దాయన పంచె మీద పడింది.

"అయ్యయ్యో! ఏమనుకోకండి తాతగారూ!"

ఆయన కోప్పడలేదు. వాసన చూశాడు.

"తరవాణి కదూ? ఈ రోజుల్లో ఇదెవరు తాగుతున్నారమ్మా?"

"ఎలుకలండి."

పెద్దాయన పగలబడి నవ్వాడు. మేధకి మాత్రం నవ్వు రాలేదు. బాపట్లలో ఫార్మసీ పరిశోధన ఆ పిల్లది. జ్వరం మాత్రలు మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. తరవాణి తాగిన ఎలుకలకి ఆ దెబ్బ తక్కువ తగులుతుందని నిరూపించాలని పట్టుపట్టి కూర్చుంది.

"తగ్గిందా మరి?"

"ఎక్కడండీ! తాగినవాటికీ తాగనివాటికీ తేడా లేదు. ఎప్పుడో ఒక మహానుభావుడు తరవాణిలో పస లేదని పేపరు రాసి పారేశాడు. మా చంద్రిక మేడం అదే చూపించి, ఇంకొక్కసారికే ఒప్పుకున్నారు. ఇదీ పోతే నా పరిశోధన గంగలో కలిసినట్టే. ఆ పేపరాయన కనిపిస్తే దులిపేద్దును!"

"తరవాణి ఎలా పెడుతున్నావేంటి?"

"కుండలో గంజి పోసి పులియబెడతానండి. వాడేశాక వేన్నీళ్లూ సబ్బూ పెట్టి కుండ తోమేస్తా. ప్రయోగం కదా, శుభ్రం ఉండాలిగా!"

"అదే కొంప ముంచింది! తరవాణి కుండని కడగరమ్మా. అడుగున పాత పులుపు కాస్త ఉంచి, దాని మీదే కొత్త గంజి పోస్తారు. నువ్వు రోజూ దాని ప్రాణం తోమేస్తున్నావు. పాపం, ఆ పేపరాయనా తోమే ఉంటాడు."

"ఆయన్ని వెనకేసుకు రాకండి!"

బాపట్ల వచ్చింది. మేధ దిగుతూ ఇల్లెక్కడని అడిగింది.

"ఇప్పుడు పనిమీద ఇటు పోతున్నా గానీ, ఇల్లు రేపల్లెలో. మా ఆవిడ మీనాక్షి టీచర్ ఇల్లంటే ఎవరైనా చెబుతారు. ఫలితం బాగా వచ్చినా వెంటనే నమ్మేయకు. మళ్లీ చేసి చూడు."

మేధ కుండ కడగడం మానేసింది. ఆ వాసనకి ఇంట్లో వాళ్లమ్మ ముక్కు మూసుకుని తిట్టిపోసింది.

ఎలుకల రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. తరవాణి తాగినవాటి కాలేయానికి దెబ్బ తక్కువే తగిలింది. చంద్రిక మేడం కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. మళ్లీ చేయించింది. మళ్లీ అదే ఫలితం!

"మనుషుల సంగతి తర్వాత చూద్దాం. ఎలుకల్లో మాత్రం గెలిచావే పిల్లా!" అంటూ లేబ్‌లోనే మేధని కావిలించుకుంది.

పాత పేపరు తప్పని చెబుతూ కొత్త పేపరు అచ్చయింది. కాలేజీ అంతా చప్పట్లే చప్పట్లు. మేధ ఆ పత్రిక పట్టుకుని, ఎగిరి గంతేస్తూ రేపల్లె రైలెక్కింది.

తలుపు తీసింది మీనాక్షి టీచర్. ఆయన పోయి నెలయిందని చెప్పింది.

మేధ గుమ్మంలోనే కూలబడి భోరుమంది. "ఆ పాత పేపర్ని ఓడించామని చెబుదామని పరిగెత్తుకొచ్చానండీ!"

టీచర్ పత్రికని గుండెకి హత్తుకుంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"హమ్మయ్య! ఆ కుండ సంగతి ఆయనకి రిటైరయ్యాక గానీ తట్టలేదు. అప్పట్నించీ, తన పేపరు తప్పని ఎవరైనా తేలిస్తే బాగుండునని కాచుక్కూర్చున్నారమ్మా."